తేలిక పరుపు

చిన్నమ్మి సంచి అడుగున ముందు ఒక పాత చీర మడతపెట్టి పరిచింది. దాని మీద కేసా లుంగీలు రెండు, గాజుగుడ్డ పొట్లం, పౌడరు డబ్బా, పూతమందు ట్యూబు పెట్టింది. ఆసుపత్రి కాగితాలను, పరుపులకు చుట్టే ప్లాస్టిక్ కవరు ముక్కలో పెట్టి, నాలుగువైపులా మడిచి, ఒక పక్కన నిలువుగా దోపింది. తర్వాత మళ్ళీ అన్నీ బయటకు తీసింది. పౌడరు డబ్బా మూత వదులుగా ఉందేమోనని అనుమానం వచ్చింది.

"అవ్వా, ఇది మూడోసారి," అంది మాసే. గడపలో గొంతుక్కూర్చుని తల దువ్వుకుంటోంది. "నువ్వు సర్దుడు అయ్యేలోపు బస్సు బీజాపూర్ పోయి మళ్ళ వస్తది."

"మూత ఊడిపోతే కాగితాలన్నీ పౌడరైపోతాయే. అక్కడ ఎవరైనా డాక్టరు అడిగితే ఏటి చూపిస్తావు?"

"మా ఊళ్ళె డాక్టరు ఏడున్నడు?"

చిన్నమ్మి మూత గట్టిగా తిప్పింది. దాని మీద బొంతదారం రెండు చుట్లు చుట్టింది. అన్నీ మళ్ళీ లోపల పెట్టి, సంచి మూతిని రెండు చేతులతో దగ్గరకు లాగి, అలాగే పట్టుకుని కూర్చుంది.

"ముడి నువ్వెయ్యి," అంది.

"నీ చేతులున్నయి గదా."

"వెళ్ళేవాళ్ళ సంచికి నేను ముడి వెయ్యను. నీకు తెలుసు కదే."

మాసే దువ్వెన జుట్టులోనే గుచ్చి, వచ్చి ముడి వేసింది.

అది గనుల ఊరు బచేలిలో సత్యమూర్తి పరుపుల కొట్టు వెనక గది. చిన్నమ్మి అందులోనే ఉంటుంది, ముందు కొట్లో పరుపులకు గలేబులు కుడుతుంది. మాసే రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఫోము కోసేటప్పుడు రెండో కొస పట్టుకోవడం, నేల మీద రాలిన తుక్కు ఊడ్చి గోతాల్లో కూరడం ఆమె పని. ఏ ఫోము ఏ గలేబులోకి పోతుందో ఆమెకు తెలియదు. ఆమె భర్త కేసా ఊళ్ళో కల్లు కోసం జీలుగ చెట్టెక్కి, పైనుంచి పడి ఇరవై నాలుగు రోజులైంది. నడుము కింద స్పర్శ లేదు. ఆసుపత్రిలో చేయాల్సింది చేశారు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

"నర్సమ్మ ఏమందో మళ్ళీ చెప్పు," అంది చిన్నమ్మి.

మాసే వేళ్ళు ముడుస్తూ చెప్పింది. "రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె. తడి ఉండొద్దు. మంచి పరుపెయ్యాలె, కుంగనిది. ఒత్తుకుంటే ఆయనకు తెల్వది, నీకే తెల్వాలె అంది."

"ఆఖరిది మళ్ళీ చెప్పు."

"ఆయనకు తెల్వది. నాకే తెల్వాలె."

*

కొట్లో పరుపులు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. సత్యమూర్తి వాటిలోంచి ఒకదాన్ని బయటకు లాగి బల్ల మీద పడేశాడు. నీలం పువ్వుల గలేబు. అతని తండ్రి గనుల్లో పనికి పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాడు. సత్యమూర్తి బచేలిలోనే పుట్టాడు. నవ్వుతూ మాట్లాడతాడు, పండక్కి పనివాళ్ళకు చీరలు పెడతాడు.

"నొక్కి చూసుకో మాసే. నువ్వు మన కొట్టు మనిషివి. నీ దగ్గర నేను లాభం చూసుకుంటానా?"

మాసే అంచు మీద అరచేత్తో నొక్కింది. గట్టిగా ఉంది.

మిషను ముందు దిండు గలేబులు కుడుతున్న చిన్నమ్మి తల ఎత్తలేదు. ఆ పరుపు లోపల ఏముందో చూడనక్కర్లేదు. పోయిన వారమే తను కుట్టింది. అంచుల చుట్టూ టీవీ పెట్టెల్లో వచ్చేలాంటి తెల్లటి గట్టి షీటు పెట్టారు, ఎందుకంటే కొనేవాళ్ళంతా నొక్కి చూసేది అంచునే. నడుమ ఉన్నది పదహారు డెన్సిటీ పసుపు ఫోము. గాలి ఎక్కువ, సరుకు తక్కువ. పైగుడ్డకు వేలెడు మందం మంచి ఫోము కలిపి కుట్టారు కాబట్టి కూర్చున్నా మొదటిరోజు తెలియదు. మామూలు మనిషి కింద నెలల్లో, కదలని బరువు కింద ఒకటి రెండు రోజుల్లోనే అది నలిగి, మళ్ళీ పైకి లేవదు. దాని మూలన '40' అని అచ్చువేసిన చీటీ ఉంది. అది కూడా తను కుట్టిందే. చీటీలు, మందు డబ్బాలు, బియ్యం బస్తాలు చదివే ఆమె అక్షరాలు నేర్చుకుంది. ఆ అంకె తలకిందులుగా ఉన్నా గుర్తుపడుతుంది.

మాసే వంగి పరుపు కిందికి రెండు చేతులూ పోనిచ్చింది. ఇప్పపువ్వు తట్ట ఎత్తినట్టు మోకాళ్ళు వంచి, నడుము నిలిపి, పైకి లేపింది. పరుపు ఒక్కసారిగా లేచింది.

"తేలికగుంది," అంది.

"మరి! మద్దేడ్‌లో దిగి ఎంత దూరం మొయ్యాలి నువ్వు?"

"వాగు దాటి రెండు కోసులు. నేను, మా తమ్ముడు హడ్మా మొయ్యాలె."

ఆమె పక్కనున్న గోధుమరంగు పరుపు కిందా చేతులు పెట్టింది. అది జానెడు లేచి ఆగింది. "ఇదేంది, మనిషంత బరువున్నది!"

"అది గెస్ట్‌హౌస్ ఆర్డరు. దాన్ని నెత్తి మీద పెట్టుకుని వాగు దాటితే నీకూ ఇంకో పరుపు కావాలి," అని నవ్వాడు సత్యమూర్తి.

మాసే కూడా నవ్వింది. మళ్ళీ నీలం పువ్వులదాన్ని ఎత్తింది. ఈసారి వెంటనే దించలేదు. చేతుల మీద అలాగే ఉంచుకుని, కాస్త పైకీ కిందికీ ఆడించింది. ఏదో అడగబోయినట్టు ఆమె నోరు తెరుచుకుంది. తర్వాత పరుపు బల్ల మీద పెట్టి మిషను వైపు తిరిగింది.

"అవ్వా, కుట్టింది నువ్వే గదా. మంచిదేనా?"

చిన్నమ్మి మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఉంచింది. సత్యమూర్తి తాడు ఉండ విప్పుతున్నాడు. ఆమె వైపు చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు. ఆ మిషను, వెనక గది, గదిలో పొయ్యి, అన్నీ అతనివే.

"మంచిదే," అంది చిన్నమ్మి.

మాసే ముఖం తేటపడింది. కొంగులోంచి ప్లాస్టిక్ సంచి తీసి, అందులోని డబ్బు సత్యమూర్తి చేతిలో పెట్టింది.

చిన్నమ్మి మిషను తొక్కింది. కుట్టు చివరిదాకా వెళ్ళి దారం తెంపాక చూసుకుంటే, దిండు గలేబు నాలుగువైపులా మూసుకుపోయి ఉంది. దూది కూరడానికి మూతి లేదు.

*

శుక్రవారం పొద్దున బస్సు దగ్గర నలుగురు పట్టుకుని కేసాను దుప్పటిలో ఎత్తి, వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. సన్నటి మనిషి. భుజాలు మాత్రం చెట్లెక్కేవాడి భుజాలు. కిటికీలోంచి తల పక్కకు తిప్పి, పైన పరుపు కడుతున్న క్లీనర్ని చూశాడు.

"పైన నా పరుపు పోతున్నది, కింద నేను పోతున్న. టికెట్టు ఎవరికి ఎక్కువ అవ్వా?"

"నీ నోటికి ఎక్కువ కొడతాడు," అంది చిన్నమ్మి.

"జిందగీల పరుపు మీద పండలే. ఇగ చూడు, మాసే తిప్పుతుంటది, నేను రాజు లెక్క పండుకుంట."

"రాజువు రెండు గంటలకోసారి బోర్లా పడాలె," అంది మాసే. అతని కాళ్ళు సర్దుతూ, మడమ కింద చీర ముక్క పెట్టింది. తన కాళ్ళ వైపు అతను చూడలేదు.

చిన్నమ్మి కిటికీ ఊచ పట్టుకుంది. "ఎప్పుడొస్తావే?"

"ఇప్పపువ్వు ఏరుడు అయిపోంగనే వస్తా. ఆయన్ను మా అవ్వ చూస్తది."

"తారీఖు చెప్పు."

"తారీఖు ఏంది? పువ్వు రాలుడు ఆగినంక వస్తా."

"ఆగడమంటే ఎప్పుడో..."

బస్సు కదిలింది. చిన్నమ్మి ఊచ వదల్లేదు. కండక్టరు కేకేశాక వదిలింది. బస్సు మలుపు తిరిగేదాకా పైనున్న నీలం పువ్వులు కనిపించాయి. మలుపులో ఊగినప్పుడు పరుపు గాలికి ఒక పక్క లేచి, తాడుకు తట్టుకుని మళ్ళీ పడింది.

*

శనివారం మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే దేవిశ్రీ దిగి, వెనక మడిచి కుక్కిన పరుపును చూపించింది.

"సత్యమూర్తి గారూ, మీరు మాకు అమ్మింది పరుపా, ఊయలా? మా ఆయన ఓ పక్క పడుకుంటే నేను దొర్లుకుంటూ ఆయన మీదకి పోతున్నాను. ఈ వయసులో ఏం బాగుంటుంది చెప్పండి?"

సత్యమూర్తి పెద్దగా నవ్వాడు. బిల్లు చూశాడు. నాలుగు నెలలైంది. చర్చ పెట్టకుండా వేరేది ఇచ్చి పంపాడు. క్వార్టర్స్ వాళ్ళ మాట పది ఇళ్ళకు పాకుతుంది.

"అప్పా, దాని గలేబు విప్పెయ్యి. గుడ్డ బాగానే ఉంది," అన్నాడు లోపలున్న చిన్నమ్మితో. పార్వతీపురం వైపు వాళ్ళలాగే అక్కను అప్పా అనే పిలుస్తాడు.

చిన్నమ్మి పరుపును నేల మీద పరిచి, బ్లేడుతో అంచు కుట్టు విప్పింది. గుడ్డ తొలగించగానే పసుపు పొడి రాలింది. నడుమ రెండు గుంటలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆమె పెద్ద గుంటలో పిడికిలి పెట్టి నొక్కింది. పిడికిలి ఆగకుండా దిగి, వేళ్ళ కణుపులకు చల్లటి గచ్చు తగిలింది. చెయ్యి తీసి చూసింది. గుంట గుంటలాగే ఉంది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ గచ్చే తగిలింది.

"బాబూ, మాసేకి ఇచ్చింది ఇదే సరుకు."

సత్యమూర్తి లెక్క రాసుకుంటున్నవాడు ఆగాడు. "ఆ రేటుకి అదే వస్తాది. నలభై డెన్సిటీది కొనగలదా అది?"

"చీటీ మీద నలభయ్యే ఉంది."

"చీటీలు అన్నిటికీ ఒకటే కదా, కొత్తగా మాట్లాడతావేటి? ఆ దేవిశ్రీ గారు నిండైన మనిషి. మాసే మొగుడు ఎండుపుల్ల. వాడికి పదేళ్ళొస్తాది."

"ఆవిడ రాత్రంతా దొర్లుతాది బాబూ. వాడు దొర్లడు. వాడికి ఒత్తుకుంటే తెలీదు."

 అతను కలం మూత పెట్టాడు, తీశాడు.

"అయితే అప్పుడే చెప్పాల్సింది అప్పా," అన్నాడు మెల్లగా. "అది అడిగింది నన్ను కాదు. నిన్ను."

*

ఆ సాయంత్రం చిన్నమ్మి తన పక్క దులిపింది. ఆమె పడుకునే పరుపు గెస్ట్‌హౌస్ ఆర్డర్లు కోసినప్పుడు మిగిలిన మంచి ఫోము ముక్కలతో చేసుకున్నది. ఒక్కో ముక్కా బొటనవేలితో నొక్కి, వేలు తియ్యగానే గుంట పూడిందో లేదో చూసి, పూడినవే ఏరి, సొల్యూషన్‌తో అతికించింది. చాలా కాలం పట్టింది. ఇప్పటికీ దాని మీద ఆమె పడుకున్న గుర్తు లేదు.

ఆదివారం, సోమవారం పని అయ్యాక దాన్ని విప్పి, అతుకులు చూసింది. వీపుకు అతుకు తగలకుండా పైన ఒకే పలక ఫోము కావాలి. సత్యమూర్తిని అడిగింది. అతను గోడ వైపు చూపించి, "గోధుమరంగుదాని కోత మిగిలింది, తీసుకో," అన్నాడు. కూలిలో కోస్తానని గానీ, కోయనని గానీ అనలేదు. కొత్త గలేబు కుట్టింది. చీటీ కుట్టలేదు.

మంగళవారం కొట్టుకు సెలవు. తెల్లవారగానే పరుపు చుట్టి కట్టి, బస్సెక్కింది. గీదం దగ్గర బస్సు మారేటప్పుడు, దాన్ని పైకి లాగుతున్న కుర్రాడు రొప్పుతూ, "దాదీ, ఇస్‌మే పత్థర్ భరా హై క్యా?" అన్నాడు. రాళ్ళు నింపావా అని అడిగితే ఆమెకు ఒక రకమైన ధైర్యం వచ్చింది. దారి పొడుగునా, పైన అది ఉందో లేదో తెలుసుకోవడానికి, బస్సు ఆగిన ప్రతిచోటా దిగి చూసింది.

ముందురోజే ఫోనులో కబురు పెట్టింది కాబట్టి, మద్దేడ్‌లో మాసే తమ్ముడు హడ్మా కాచుకుని ఉన్నాడు. పరుపును భుజం మీద వేసుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"ఏందవ్వా ఇది? మొన్నటిది ఒక్క చేత్తో తెచ్చిన."

"మెల్లగా నడు నాయినా. ఎలా ఉన్నాడు మీ బావ?"

"ఉన్నడు," అన్నాడు హడ్మా. పరుపును రెండో భుజానికి మార్చుకుని వాగు వైపు దిగాడు.

ఇప్పచెట్ల కింద నేలంతా ఊడ్చి, ఎండుటాకులు కాల్చిన నల్లటి మచ్చలున్నాయి. వాటి మీద పువ్వులు పసుప్పచ్చగా రాలి ఉన్నాయి. గాలి తీపిగా ఉంది.

ఇంటి ముందు పందిరి కింద కేసా ఒక పక్కకు తిరిగి, వరిగడ్డి మీద పరిచిన పాత చీరల మీద పడుకుని ఉన్నాడు. నీలం పువ్వుల పరుపు అవతల ఎండలో పడి ఉంది. దాని అంచు కత్తితో కోసి ఉంది. నడుమ గుంటలో కోడి రెక్కలు విప్పుకుని కూర్చుంది.

మాసే చాట కింద పెట్టి లేచింది. "నువ్వొచ్చినవా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు.  చిన్నమ్మి పందిరి గుంజ పట్టుకుంది.

"శనారం పొద్దున ఆయన్ను తిప్పుదామని కిందికి చెయ్యి పెట్టిన," అంది మాసే. "చేతికి మంచం పట్టె తగిలింది అవ్వా. నొప్పుందా అని అడిగితే లేదన్నడు. ఆయనకు ఉండదు గదా."

ఆమె కేసా వీపు మీది గుడ్డ తొలగించింది. తోక ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. చిన్నమ్మి గలేబు విప్పిన ఫోమును చూసినట్టు దగ్గరగా వంగి చూసింది. వాసన వచ్చింది.

"నాకు తెలుసే," అంది. "అందులో ఏటుందో నాకు తెలుసు. తెలిసే మంచిదన్నాను."

మాసే మళ్ళీ కూర్చుని చాట ఒళ్ళోకి తీసుకుంది. పువ్వుల్లోంచి పుల్లలు ఏరింది.

"నాకూ తెలిసింది అవ్వా. ఇప్పపువ్వు తట్ట ఎత్తితే ఎంత ఎండిందో చెప్త. చింతపండుల గింజలుంటే ఎత్తంగనే చెప్త. సంతల నన్నెవడూ మోసం చెయ్యడు. పరుపు ఎత్తంగనే లోపల ఏం లేదనిపించింది." పుల్ల ఒకటి పక్కన పడేసింది. "మళ్ళ అనుకున్న, ఇది అడివి సరుకు కాదు, నాకేం తెలుసు అని. మొయ్యనీకి తేలికుందని ఆశ పడ్డ. అందుకే నిన్నడిగిన."

చిన్నమ్మి కేసా వీపు మీద గుడ్డ మళ్ళీ కప్పింది. 

"మొఖాలు అట్ల పెట్టకుండ్రి," అన్నాడు కేసా. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "బామ్మర్ది ఏం మోసుకొచ్చిండు? వాని నడుం గూడ పోయినట్టున్నది. నా పక్కన పండుకోమను."

హడ్మా నవ్వలేదు. ముగ్గురూ కలిసి కేసాను ఎత్తి కొత్త పరుపు మీదకు మార్చారు. చిన్నమ్మి అతని తుంటి కింద చెయ్యి పెట్టి చూసింది. మంచం తగల్లేదు. ఫోము చేతిని కిందకు పోనివ్వకుండా ఆపింది. నాలుగు చోట్ల అలాగే చూసింది. ఎక్కడా తగల్లేదు.

"ఇది బాగుంది," అన్నాడు కేసా. "నాకు తెల్వదు గానీ, మీ మొఖాలు చూసి చెప్తున్న."

*

బుధవారం పొద్దున అతని ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే పలికాడు గానీ వేళాకోళం ఆడలేదు. హడ్మా రోడ్డు దాకా పోయి, ఫోను అందే చోట నిలబడి అంబులెన్సుకు చెప్పి వచ్చాడు.

చిన్నమ్మి లోపలికి వెళ్ళి సంచి తీసింది. లుంగీలు మడవబోయింది. మాసే వచ్చి సంచిని తన వైపు లాక్కుంది.

"నేను సర్దుకుంట," అంది.

గబగబా నాలుగు వస్తువులు పడేసింది. పౌడరు డబ్బాకు చుట్టిన బొంతదారం అలాగే ఉంది. కాగితాలు మడత పడ్డాయి. చిన్నమ్మి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ముడి మాసేనే వేసింది.

మంచాన్ని పరుపుతో సహా నలుగురు భుజాల మీదకు ఎత్తారు. దారిలో మూడుసార్లు దించి భుజాలు మార్చుకున్నారు. ఎవరూ బరువని అనలేదు. మాసే మంచం పక్కనే నడుస్తూ, అతని ముఖానికి ఎండ తగలకుండా కొంగు పట్టింది. చిన్నమ్మి వెనకబడింది. వాగులో రాయి మీద కాలు జారితే హడ్మా చెయ్యి ఇచ్చాడు.

రోడ్డు మీద అంబులెన్సు స్ట్రెచరు సన్నగా ఉంది. పరుపు దాని మీద పట్టలేదు. వాళ్ళు కేసాను మాత్రం తీసుకుని తలుపు వేశారు. మాసే లోపల కూర్చుని, అద్దంలోంచి బయటకు చూసింది. చిన్నమ్మిని చూసిందో, రోడ్డు పక్కన ఖాళీ మంచం మీద ఉన్న పరుపును చూసిందో తెలియలేదు. పరుపు నడుమ అతను పడుకున్న చోటు అప్పటికే పూడి, సమంగా ఉంది.

హడ్మా దాన్ని మళ్ళీ భుజాన వేసుకుని ఊరి వైపు నడిచాడు. చిన్నమ్మి బచేలి బస్సెక్కింది.

గురువారం సత్యమూర్తి ఎప్పటిలాగే చీటీల డబ్బా మిషను పక్కన పెట్టాడు. చిన్నమ్మి దాన్ని తీసి అతని బల్ల మీద పెట్టి వచ్చింది.  ఆ రోజు నుంచి చీటీలు అతనే కుట్టుకుంటున్నాడు. సూది పట్టడం సరిగా రాక కుట్లు వంకర పోతాయి. కొనేవాళ్ళు అది చూడరు. అంచు నొక్కి చూసి తీసుకెళతారు.

చిన్నమ్మి వెనక గదిలో చాప మీద పడుకుంటుంది.

కేసా ఏప్రిల్ పద్దెనిమిది, శుక్రవారం, జగదల్‌పూర్ ఆసుపత్రిలో పోయాడు. ఆ నెలాఖరుకు ఇప్పపువ్వు రాలడం ఆగిపోయింది. మే నెలలో తునికాకు కోత కూడా అయిపోయింది. జూన్ రెండో వారంలో వానలు మొదలయ్యాయి. మాసే బచేలికి తిరిగి రాలేదు.